కీడా

మా నాన్నమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని, అలాగే గిన్నెలు తోమేది, అలాగే నన్ను తిట్టేది. శ్రీకాకుళం నుంచి టాటానగర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చినా ఆ అలవాటు మానలేదు. చూద్దామని వచ్చిన నా హిందీ స్నేహితురాలు ఒకతె హడలిపోయి చెప్పులు వదిలేసి పరిగెత్తింది.

ఎనభైల మొదట్లో, నేను ఐదో తరగతిలో ఉండగా, ఆవిడకి ముద్ద దిగడం మానేసింది. నాన్న ఆస్పత్రికి తీసుకెళ్తే గొంతులోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం కోసం వెళ్లిన రోజు నేనూ వెళ్లాను.

క్యాన్సరన్నాడు డాక్టరు. చుట్టే ముఖ్య కారణమన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. కొందరిలో వైరస్ కూడా కారణం కావచ్చంటున్నారు, ఇంకా తేలలేదు అని హిందీలో చెప్పుకొచ్చాడు. నాన్న తెల్లమొహం వేసేసరికి, "కీడా, సమ్‌ఝే? ఛోటా కీడా" అన్నాడు.

హిందీ రాని నాన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏటన్నాడే గుంటా? కీడా?"

"అవును నాన్నమ్మా, కీడా."

డాక్టరు చెప్పింది పురుగు సంగతి. ఆవిడ విన్నది మన కీడు. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

ఇంటికొచ్చాక, అంటుకుంటుందేమోనని అమ్మ, నాన్నమ్మ కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. నాన్నమ్మ వాటిని చూసింది. మర్నాడు నేను బడికి బయల్దేరుతుంటే గోడవైపు తిరిగిపోయింది. "ఎల్లిపో గుంటా. నా మొకం సూడకు" అంది.

నా భయం నాది. రోజూ సాయంత్రం ఆవిడ కంచంలోంచే ఎండుచేప అన్నం ముద్దలు తిన్నదాన్ని. ఎన్ని పురుగులు మింగానో! నాన్న డ్యూటీ టార్చి తీసుకుని, అద్దం ముందు నోరు తెరిచి చూసుకునేదాన్ని. ఉమ్ము మింగినా ఏదో అడ్డం పడినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా కంచం కూడా వేరైపోతుంది.

తర్వాతిసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు నాన్న ధైర్యం చేసి అడిగాడు. కలిసి తింటే క్యాన్సర్ అంటుకోదని డాక్టరు కసిరాడట. ఇంటికి రాగానే నాన్న గుమ్మంలోంచే చెప్పాడు.

"అమ్మా, ఆ పురుగు అంటుకోదంట!"

నాన్నమ్మ లేచి కూర్చుంది. "పురుగా? కీడు కాదేటి?"

"కీడేటమ్మా?"

"నానే ఈ ఇంటికి కీడైపోనాననుకున్నాన్రా" అని ఏడ్చేసింది. చచ్చిపోతానని తెలిసినప్పుడు కూడా ఏడవని మనిషి.

అమ్మ ఆ కంచం తెచ్చి మా కంచాల్లో కలిపేసింది.

ఆ సాయంత్రం నాన్నమ్మ అన్నం కలిపి నన్ను పిలిచింది. "రాయే గుంటా. పురుగేనంట!"

ఆవిడ సంబరమంతా ఆ పురుగు మీదే. నా భయమంతా కూడా ఆ పురుగుకే. అంటుకోదన్నది డాక్టరే, ఇంకా తేలలేదన్నదీ ఆయనే. పారిపోదామనుకున్నాను. ఆవిడ అప్పటికే ముద్ద నా నోటిదాకా తెచ్చింది. కళ్లు మూసుకుని నోరు తెరిచాను.

మళ్లీ కళ్లు తెరిచేసరికి ఆవిడ నా గొంతువైపే చూస్తోంది.

"దిగిందేటే?" అని అడిగింది.