కుట్టుబల్ల మీద మూడు కాళ్ళు

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నటించే పని ఉండదు.

వీధిలో అందరూ ఆమెను టేపక్క అంటారు. దర్జీ పని చేస్తుంది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కొలతల టేపు మెడలోంచి తీసేది స్నానానికి వెళ్ళేటప్పుడే. ఎవరు ఎదురైనా మొహం కంటే ముందు భుజాలు చూస్తుంది. నేను ఈ ఇంటికి వచ్చిన రోజే, "ఎడమ భుజం కాస్త దిగింది" అంది. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆమె కూడా నా జాకెట్లను ఆ భుజానికి సరిపెట్టి కుట్టడం మానలేదు.

నా కూతురు మూడు కాళ్ళతో పుట్టింది. ఎడమవైపు ఒకటి, కుడివైపు రెండు. ఆ రెండింటిలో బయటి కాలు తిన్నగా, ఐదు వేళ్ళతో ముచ్చటగా ఉండేది. లోపలిది వంకర. చూసినవాళ్ళు కొందరు చూపు తిప్పుకునేవారు, కొందరు తిప్పుకోకుండా చూసేవారు. రెండూ భరించలేక నేను పిల్లను చంక దించలేదు. రెండున్నరేళ్ళు దుప్పటి కప్పి ఎత్తుకునే తిరిగాను.

మూడు కాళ్ళ లాగు ఏ కొట్లో దొరుకుతుంది? అక్కే కుట్టింది. మూడో కాలికి ఒక జేబు కూడా పెట్టింది. పిల్ల అందులో బొత్తాలు వేసుకుని పకపకా నవ్వింది. నా దగ్గర అలా ఒక్కనాడూ నవ్వలేదు. కడుపు మండిపోయింది. నేను కుట్టలేను, ఆమె కుడితే ఓర్వలేను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు తయారయ్యాను. కొలతల రోజున మాత్రం పిల్లను ఆమె దగ్గర వదిలేసి, వంటింట్లో గిన్నెల మీద కసి తీర్చుకునేదాన్ని.

ఆపరేషన్‌కు ముందు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టాడు. అక్క కూడా వచ్చింది. నేను రమ్మనలేదు, పిల్ల రమ్మంది.

"కుడివైపు రెండు కాళ్ళూ తుంటికి కలిసే ఉన్నాయి. ఒకటి తీసేసి రెండోదాన్ని సరిచేస్తాం. పాప ఏ కాలి మీద బరువు వేస్తుంది? నన్ను చూస్తేనే ముడుచుకుపోతోంది" అన్నాడు.

"బయటిది" అన్నాను. అందంగా ఉన్నది అదే మరి.

"కాదండీ, లోపలిది" అంది అక్క నా వెనక నుంచి.

ఒళ్ళు మండింది. "కన్నది నేను. నాకు తెలియదా?"

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇందులో పొరపాటు జరిగితే దిద్దుకోలేం అమ్మా. ఉంచిన కాలికి బలం లేకపోతే పాప నడవలేదు. ఇంటి దగ్గర బాగా గమనించి రేపు చెప్పండి."

ఇంటికి రాగానే తలుపు వేసుకుని పిల్లను నేల మీద నిలబెట్టబోయాను. మూడు కాళ్ళూ మడిచేసి, చేతులు చాపి "ఎత్తుకో" అంది. నాలుగుసార్లూ అంతే. తప్పు దానిది కాదు. నా దగ్గర నిలబడాల్సిన అవసరం దానికి ఎన్నడూ రాలేదు.

సిగ్గు చంపుకుని ముందుగదిలోకి వెళ్ళాను. "నీకెలా తెలుసక్కా?"

"లాగు కింది అంచు గుర్తు పెట్టాలంటే మనిషి నిలబడాల్సిందే కదే. పడుకోబెట్టి కొలిస్తే లాగు కురచవుతుంది" అంటూ పిల్లను గుడ్డలు కత్తిరించే బల్ల మీదికి ఎత్తింది. పిల్ల ఆమె తల పట్టుకుని, అలవాటైన పనిలా నిలబడింది. వంకరపాదం బల్లను నొక్కింది, వేళ్ళు తెల్లబడ్డాయి. నా ముచ్చటైన కాలు ఊరికే వేలాడింది.

పిల్ల కాలు దక్కిందన్న సంతోషం ముందు రావాలి. ముందు వచ్చింది ఏడుపు. నా బిడ్డ ఇన్నాళ్ళుగా నిలబడుతోంది, నేను చూడనేలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు పిలిచాను. గిన్నెల చప్పుడులో నీకు వినబడలేదేమో."

మర్నాడు డాక్టరుతో, "లోపలిదేనండీ. నిలబడితే వేళ్ళు తెల్లబడతాయి, నేనే గమనించాను" అన్నాను.

"ఎంతైనా తల్లి కన్ను" అన్నాడాయన. అక్క పక్కనే ఉంది. మెడలో టేపు సర్దుకుంది. ఆయన మాట నేను దిద్దలేదు. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ ఉదయం మొదలై సాయంత్రం దాకా సాగింది. చేతిలో పని లేక అక్క మేం కూర్చున్న బెంచీని మూడుసార్లు కొలిచింది. బాగానే జరిగిందని డాక్టరు వచ్చి చెప్పాక, ఆమె భుజం మీదే తల పెట్టి ఏడ్చాను. అప్పుడు కూడా, పిల్లకు మెలకువ రాగానే ఎవరిని అడుగుతుందోనన్న బెంగ ఒక పక్క ఉండనే ఉంది. అది పెద్దమ్మనే అడిగింది.

నెలల తరబడి కట్లూ, కసరత్తులూ అయ్యాక, ఒక మధ్యాహ్నం అక్క ముందుగదిలో పిల్ల గోడ వదిలి నడిచింది. తిన్నగా అక్క దగ్గరికే, నాలుగు అడుగులు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. చూడవచ్చినవాళ్ళు ఆనందబాష్పాలన్నారు. సగం అవే.

మిగతా సగం సంగతి అక్కకు తెలుసు. పిల్ల భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి, "అమ్మ దగ్గరికి వెళ్ళు" అంది. పిల్ల వచ్చింది. మూడు అడుగులు వేసి నా ఒళ్ళో పడింది.

ఆమెకు నాలుగు, నాకు మూడు. నేను లెక్కపెట్టాను.