లిప్సా ముగ్గు వెయ్యని గుమ్మం

కిందటేడు వానాకాలం. పరవాడ ఫార్మా కంపెనీల పక్కన ఒక వీధిలో నాకు ఫీవర్ సర్వే పడింది. అంటే ఇంటింటికీ తిరిగి జ్వరాలు అడగడం, నిలవ నీళ్లలో దోమ పిల్లల్ని, మా భాషలో లార్వాని, వెతకడం. నేను హెల్త్ అసిస్టెంట్‌ని. ఆ వీధి దోమల్లో ఒకటి నా టోపీ ఎత్తుకుపోయింది. రెండోది సైజు చాల్లేదని వెనక్కి తెచ్చిచ్చింది. ఇది నమ్మకపోయినా ఫర్వాలేదు, మిగతాది నమ్మండి.

ఆ వీధిలో పైడమ్మ అద్దెకిచ్చిన రేకుల గదుల్లో ఒడిశా ఆడపిల్లలు నలుగురుండేవారు. మాత్రల ప్యాకింగ్‌లో పని. వాళ్లలో పెద్దది లిప్సా. నోరు తిరగక పైడమ్మ 'లచ్చి' అనేది. మనవడికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేరాక ఆ పిలుపు మానేసింది.

"ఈళ్లొచ్చేకే జొరాలొచ్చేయి బావూ. నెలాకరుకి గదులు కాళీ సేసెయ్యమన్నాను."

నేను ఆవిడ పెరట్లో డ్రమ్ములోకి టార్చి వేశాను. లార్వా గిరికీలు కొడుతోంది.

"ఇవి ఒడిశా నుంచి ఏ బస్సులో వచ్చేయత్తా?"

పైడమ్మ నవ్వలేదు. "కుళాయి రోజిడిసి రోజొత్తాది. నీళ్లు పారబోత్తే నువ్వు మోసుకొత్తావేటి?"

ప్రతి శుక్రవారం డ్రై డే, తొట్లన్నీ వంచి తోమే రోజు. తోమిన ఇంటి గోడ మీద నేను చాక్‌పీసుతో గీత పెట్టేవాణ్ణి. గీతలు నాలుగైదుకు మించేవి కావు.

"ఏటి సార్ ఈ గీత?" అంది లిప్సా. ఆ పిల్ల తెలుగు నేర్చింది ఈ వీధిలోనే. సంగతి చెబితే, "బాలేదు సార్" అనేసింది.

వాళ్ల ఊళ్లో లక్ష్మి వచ్చే గురువారాల్లో ఇల్లు కడిగి, బియ్యప్పిండి నీళ్లతో గుమ్మంలో వరికంకులు, అమ్మవారి పాదాలు వేస్తారట. ఆ ముగ్గుని ఝోటి అంటారు. ఆ శుక్రవారం షిఫ్టు దిగి నలుగురూ బ్రష్షులతో బయల్దేరారు. నీళ్లు గుడ్డలో వడకట్టి బిందెల్లో పోసి, డ్రమ్ము తోమి, మళ్లీ నింపారు. చుక్క వృథా కాలేదు. తోమిన ఇంటి గుమ్మంలో ఝోటి వేశారు, తోమనివ్వని ఇంటికి లేదు. రెండు వారాల్లో వీధంతా తెల్లటి పాదాలే, ఒక్క గుమ్మం తప్ప.

"ఒసే లచ్చీ, నా గుమ్మమేటే బోసిగుంది? లచ్చిందేవి నా ఇంటికి రాదా?"

"డ్రమ్ము, అత్తా."

పైడమ్మ పెరటి తలుపు తీసింది.

మనవడు కోలుకుని ఇంటికొచ్చాడు. వీధిలో కొత్త జ్వరాలు తగ్గాయి. నెలాఖరు దాటాక వెళితే గదుల ముందు కంపెనీ యూనిఫారాలు ఆరుతున్నాయి.

"కాళీ సేయించలేదేటత్తా?"

"సేయిత్తే? శుక్కురోరం ముగ్గు నువ్వేత్తావేటి?"

ఇప్పుడు ఏ కొత్త వీధికి వెళ్లినా ముందు అద్దె గదుల తలుపే కొడతాను. జ్వరాల సంగతి ఎలాగూ అడుగుతాను. దానికి ముందు, శుక్రవారం మీకు షిఫ్టు ఎప్పుడని అడుగుతాను.