బిడ్డ ఎత్తు బెల్లం

పిల్లలకు అన్నం ఎలా పెట్టాలో తల్లులకు నేర్పడం నా పని. వింటే నవ్వొస్తుంది, నాకూ మొదట వచ్చింది. కానీ పిల్లలకు ఊబకాయం రాకూడదంటే అన్నం పళ్లెం దగ్గరే మొదలుపెట్టాలని ఒక సంస్థవాళ్లు నాకు శిక్షణ ఇచ్చారు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి గుజరాత్‌లోని ఉధ్నాకు వచ్చిన మా ఆడవాళ్లకు వాళ్ల గుజరాతీ సరిగ్గా అర్థం కాదు, అందుకని నన్ను పెట్టుకున్నారు.

నేను చెప్పేది పెద్ద విద్యేం కాదు. నోరు తెరిస్తే పెట్టండి, ముఖం తిప్పుకుంటే ఆపండి. ఫోన్లో బొమ్మలు చూపించి ఇంకొక్క ముద్ద అంటూ కుక్కకండి. ఎంత కావాలో బిడ్డ కడుపుకు తెలుసు, ఆ తెలివిని మనమే పాడుచేస్తాం. కరోనా రోజుల్లో ఈ మాట అనడమంటే తిట్లు తినడమే. బక్కపిల్లలకే రోగం అంటుకుంటుందని గల్లీ అంతా నమ్మింది. పిల్లలు గడప దాటేవాళ్లు కాదు, వాళ్ల చేతిలో శనగపిండి గాంఠియానో బిస్కెట్టో లేని గడియ ఉండేది కాదు.

రెండో విడత కరోనా వచ్చినప్పుడు మా పాపకు జ్వరం పట్టుకుంది. అప్పటికి దానికి మూడేళ్లు నిండలేదు. మా అత్తమ్మ సమ్మక్క తల్లికి మొక్కుకుంది, బిడ్డ బతికితే వచ్చే జాతరకు ఎత్తు బంగారం ఇస్తానని. మా దగ్గర బంగారమంటే బెల్లం. బిడ్డ ఎంత బరువుంటే అంత బెల్లం తూచి తల్లికి ఇవ్వాలి. జ్వరం తగ్గింది. నేనూ చేతులెత్తి దండం పెట్టాను.

ఆ తర్వాత పాపను అత్తమ్మకు వదిలి మళ్లీ పనిలో పడ్డాను. సాయంత్రం ఇంటికొచ్చి పళ్లెం ముందు పెడితే నాలుగు ముద్దలు తిని, పళ్లెం పక్కకు నెట్టి, "నిండింది మమ్మీ" అనేది. నా గర్వం అంతా ఇంతా కాదు! మా ఆయన దాన్ని ఫోన్లో వీడియో తీశాడు. నేను ఆ వీడియోను తల్లులందరికీ చూపించాను. ఆయన కూడా క్లాసులో వెనక కూర్చుని, "గీమె చెప్పేది సహీ ముచ్చట, జర ఇనుండ్రి" అని నాకు వంత పాడేవాడు.

పాప మాత్రం లావవుతూ వచ్చింది. నా ముందు పిట్టంత తింటోంది, గౌన్లు మాత్రం బిగుతవుతున్నాయి. నాకు భయం పట్టుకుంది. ఒంట్లో ఏ జబ్బుందో అని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రక్తపరీక్ష చేయించమన్నాడు. సూది గుచ్చేటప్పుడు పిల్ల గిలగిల్లాడి ఏడ్చింది. కదలకుండా చెయ్యి పట్టుకున్నది మా ఆయనే. ఫలితాల్లో ఏ జబ్బూ లేదు. మరి ఎందుకు లావవుతోందో తెలియని దిగులుతో నేనే సరిగ్గా తినలేకపోయాను.

జాతర దగ్గరపడింది. మా ఆయన బార్డోలీ వెళ్లి బెల్లం దిమ్మలు తెచ్చాడు. కిరాణా కొట్టు నుంచి పెద్ద కాంటా తెచ్చి వసారా దూలానికి వేలాడదీశారు. గల్లీ ఆడవాళ్లంతా వచ్చారు. పాపను ఒక తట్టలో కూర్చోబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, రెండో తట్టలో బెల్లం వేస్తున్నారు. తెచ్చిన బెల్లమంతా అయిపోయినా పాప ఉన్న తట్ట లేవలేదు. ఇంకో దిమ్మ కోసం మనిషిని కొట్టుకు పంపుతుంటే అత్తమ్మ ముఖం వెలిగిపోయింది.

పాప తట్టలోంచి అడిగింది. "నానమ్మా, నేను ఇంకింత తింటే ఇంకింత బంగారం అయితదా?"

అందరూ గొల్లున నవ్వారు. నాకు అర్థం కాలేదు. పక్కింటామె నా భుజం తట్టింది. "ఊకెనే అయిందా గింత బంగారం? నువ్వు పనికి పోంగనే ఒక గిన్నె, నువ్వచ్చే ముంగట ఒక గిన్నె. నెయ్యి ఏసి మరీ పెట్టింది మీ అత్త."

ఈమె నా ప్రతి క్లాసుకూ వచ్చిన మనిషి. ఆ వీడియో చూసి తలూపిన మనిషి. అక్కడ నవ్వినవాళ్లంతా అంతే. నేను వాళ్లకు సాక్ష్యంగా చూపించింది అప్పటికే గొంతు దాకా తినిపించిన పిల్లను అని వాళ్లందరికీ తెలుసు, నాకు తప్ప.

మా ఆయన్ను లోపలికి లాక్కెళ్లాను. "నీకు ఎరుకేనా?"

"అమ్మ మొక్కుకున్నది. బక్కపిల్లను కూసోబెడితే తల్లికి చిన్నతనం గాదా? మొక్కు తీరినంక బంద్ చేద్దామనుకున్నం."

"మరి సూది గుచ్చుతుంటే చెయ్యెందుకు పట్టుకున్నవ్?"

అటూ ఇటూ చూశాడు. "రిపోర్టు మంచిగనే అచ్చింది గదా."

ఒళ్లు మండిపోయింది. తల్లికి ఇస్తానన్నది బిడ్డ ఎత్తు బెల్లం. బిడ్డను మేపి తెమ్మని ఆ తల్లి అడిగిందా? అత్తమ్మ సంగతి వేరు, ఆమె నా పాఠాన్ని ఎన్నడూ నమ్మలేదు, నమ్మినట్టు నటించనూ లేదు. ఈయన నా క్లాసులో కూర్చుని నటించాడు. సూది దిగుతుంటే కూడా నోరు విప్పని మనిషిని ఇంక ఏ విషయంలో నమ్మాలి? నేను ఆ ఇంట్లో మోసపోయాను, అంతకంటే మెత్తటి మాట నాకు దొరకలేదు.

ఆ సాయంత్రం పాపకు నేనే పప్పన్నం కలిపాను. కొంచెం తిని ఆగింది. పళ్లెం నెట్టలేదు, నోరూ తెరవలేదు. వాళ్ల నానమ్మ వైపు చూసింది, నాన్న వైపు చూసింది, తర్వాత నా వైపు.

"నిండిందా బిడ్డా?" అన్నాను.

పాప గొంతు తగ్గించి అడిగింది. "ఏమని చెప్పాలె మమ్మీ?"