ఫోటో ఉన్న కార్డు

నలుగురిలో పరిచయాలు పెంచుకోవడం ఎలాగో నేర్పుతామని ఆత్మకూరులో చేతిపనివాళ్లకు ఒకరోజు శిక్షణ పెట్టారు. మాటలు నేర్చుకోవడానికి బస్సు ఛార్జీ దండగ అనుకున్నాను. భోజనాలయ్యాక బెంగళూరు నుంచి సరుకు కొనేవాళ్లు వస్తారని తెలిసి మనసు మార్చుకున్నాను. ఉదయగిరిలో మా ఇంట్లో చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కుతాం. చెక్కేవాళ్లం అనాలేమో. గిరాకీ పడిపోయి నాయన కర్ర చెక్కే బాడిశ మూలన పెట్టి మేకల వెంట పోతున్నాడు. ఆయన్ని మళ్లీ పనిలో కూర్చోబెట్టాలన్నది నా పంతం.

బయలుదేరేటప్పుడు నాయన చొక్కా జేబులోంచి తన గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. చేతిపనివాడని సర్కారు ఇచ్చిన కార్డు అది. మేకలు కాయడానికి పోయినా అది జేబులో ఉండాల్సిందే.

"పదిలం. పనోణ్ణని చెప్పుకునేదానికి ఇదొకటే మిగిలుండాది" అన్నాడు.

శిక్షణ ఇచ్చే ఆవిడ పొద్దున్నుంచీ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఎదుటివారి కళ్లలోకి సూటిగా చూడాలట. మా ఇంట్లో పెద్దవాళ్లను అలా చూస్తే 'ఏంది ఆ చూపు' అని చీవాట్లు పడతాయి. నవ్వాలట, అతిగా నవ్వకూడదట. మన గురించి అర నిమిషంలో చెప్పెయ్యాలట. మా వైపు ఏ ఊరు, ఎవరి బిడ్డవు, అన్నం తిన్నావా అని అడిగేసరికే ఆ అర నిమిషం కాస్తా అయిపోతుంది. పరిచయమయ్యాక వెంటపడితే చులకనవుతారని కూడా చెప్పింది. అది మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాను, నా ఖర్మ.

కొనేవాళ్లలో ఒకాయన నేను చూపించడానికి తెచ్చిన స్పూను తిప్పి తిప్పి చూసి "మీ కార్డుందా?" అన్నాడు. నాకు తెలిసిన కార్డు ఒకటే. ఏ ఆఫీసులోనైనా కార్డు అడుగుతారు, చూస్తారు, తిరిగి ఇస్తారు. నాయన కార్డు ఇచ్చాను. ఆయన చూడనైనా చూడకుండా, చేతిలో ఉన్న కార్డుల కట్టలో కలిపి జేబులో వేసుకున్నాడు. తిరిగి ఇస్తాడేమోనని చెయ్యి చాపాను. ఆ చెయ్యి పట్టుకుని ఊపి, పక్క బల్ల దగ్గరికి పోయాడు.

అడగాలా, వద్దా? అడిగితే వెంటపడినట్టా? అడగకపోతే నాయనకు ఏం చెప్పాలి? నేను తేల్చుకునేలోపే ఆయన కారు వెళ్లిపోయింది. ఉదయగిరి బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

నాయన తిట్టలేదు. ఖాళీ జేబు ఒకసారి తడుముకుని మేకలు తోలుకుపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఐదో రోజు పొద్దున, మేకలు ఇంకా కదలకముందే, ఆ కారు మా వాకిట్లో ఆగింది. కార్డు మీది అడ్రసు పట్టుకుని వచ్చాడు ఆయన. ఎక్కడ చూడాలో, ఎంత నవ్వాలో నాకు తోచకముందే నాయన అందుకున్నాడు.

"ఏందయ్యా, ఒకరి కార్డు ఎత్తకపొయ్యే ముందు చెప్పద్దా? ఐదు దినాలుగా అన్నం సయించలా నాకు."

అంతా అయిపోయిందనుకున్నాను. ఆయన మాత్రం కార్డు నాయన చేతికిచ్చి, అరుగు మీద కూర్చుని, "తప్పయింది, పెద్దాయనా. విజిటింగ్ కార్డనుకున్నాను. ఇంటికి పోయి చూస్తే అన్నిట్లోనూ మనిషి మొహం ఉన్నది ఇదొక్కటే" అన్నాడు. తర్వాత అరుగు మీదున్న స్పూను చూపించి ఇది ఏ కర్ర అని అడిగాడు.

నాయన చెప్పడం మొదలుపెట్టాడు. నర్ది కర్ర ఎప్పుడు కొట్టాలో, ఎంత ఆరాలో, ఎక్కడ చీలుతుందో గంటసేపు చెప్పాడు. ఒక్కసారి కూడా ఆయన కళ్లలోకి చూడలేదు, కర్ర వైపే చూశాడు. వచ్చే నెలాఖరుకు ఎన్ని చేయగలిగితే అన్నీ పంపమని చెప్పి ఆయన లేచాడు.

ఏది పనిచేసిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు. స్పూనా, కార్డా, నాయన తిట్టా? శిక్షణ ఇచ్చిన ఆవిడకు కూడా తెలియదనే అనుకుంటాను.

కారు పోయాక నాయన కార్డు నా చేతిలో పెట్టాడు.

"పెట్టెలో పడెయ్. ఇంక దీన్ని మోసుకోని తిరిగే పనేముండాది" అని, మూలనున్న బాడిశ కోసం వంగాడు.