అక్క ఫైలు ఖాళీ అయిన మధ్యాహ్నం

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి సంగతులు మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాణ్ని. నమ్మకం ఇప్పటికీ లేదు. ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది అందుకే.

మాది సూర్యాపేట. మా అక్క అనసూయ హైదరాబాదులో వరి మీద పరిశోధన చేసేది. ఉల్లికోడు అనే పురుగు సోకితే వరి పిలక కంకి వేయకుండా ఉల్లికాడలా గొట్టమైపోతుంది. ఏ రకం వరి దాన్ని తట్టుకుంటుందో తేల్చడం ఆమె పని. హాలియా, నిడమనూరు పొలాల్లో బురదలోకి దిగి, చెడిన పిలకలను దుబ్బు దుబ్బుకూ లెక్కపెట్టేది.

తొంభైల నడుమ నేను మిర్యాలగూడలో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగ్ నేర్పేవాణ్ని. యజమాని రమణారావు గారిది కోదాడ. ఎవరో అమ్మేస్తుంటే ఆయన ఒక యునిక్స్ మిషన్ కొన్నారు. నల్లటి తెర. మౌస్ లేదు, బొమ్మలు లేవు. ఏం కావాలన్నా అక్షరాలు కొట్టి అడగాలి. దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. అక్క మాత్రం పొలాల నుంచి తిరిగి వెళ్తూ మా దగ్గర ఆగి, దాని ముందు కూర్చునేది.

ఆమె పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం. తొందర ఉండేది కాదు. ముందు తన లెక్కలున్న ఫైలులోని మొదటి వరుసలు తెచ్చుకుని చదివేది. ఆ తర్వాత ఒక్కొక్క ఆదేశంతో ఒక్కొక్క ప్రశ్న అడిగేది. నిడమనూరు వరుసలు ఏరడం, వాటిని రకాల వారీగా పేర్చడం, పేర్చినవాటిని లెక్కకు పంపడం. ఒక ఆదేశానికీ ఇంకోదానికీ మధ్య ఒక నిలువు గీత పెట్టేది.

"కాల్వ నీళ్లు ఒక మడిలకెంచి ఇంకో మడిలకు తిప్పినట్టేరా" అనేది.

కాగితం మీద నాకు రోజంతా పట్టే లెక్క, ఆమె టీ చల్లారేలోపు తేలిపోయేది.

నాకూ నేర్పింది. ఒకసారి నేను ఆమె ఫైలును నేరుగా సార్ట్ చేయబోతుంటే, అంటే వరుసలు పేర్చబోతుంటే, నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. విత్తనం తీసినవా?"

"విత్తనమేందక్కా?"

"నాయిన వడ్లు మిల్లుకు తోలేముందు ఏం జేస్తడు?"

"విత్తనాలకని మంచియి పక్కకు పెడ్తడు."

"మరి నువ్వేంది, ఉన్నయన్నీ మిల్లుకే తోలుతున్నవ్? నీకు భూమి రాసిస్తే ఒక్క పంటకే ఖతం జేస్తవ్."

ఏ ఫైలును ముట్టుకునే ముందైనా ఆమె ఒక నకలు తీసి, దానికి విత్తనం అని పేరు పెట్టేది. నేను కూడా నకలు తీసేవాణ్ని, గుర్తున్నప్పుడు. నా నకళ్లకు కాపీ అనే పేరు పెట్టేవాణ్ని.

ఒక వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. దవాఖానలోనే పోయింది.

కొన్నాళ్లకు ఆమెతో పరిశోధన చేయించిన మేడమ్ కబురు పంపారు. అక్కడి కంప్యూటర్ చెడిపోయి అక్క లెక్కలు పోయాయట. మా దగ్గర ఉంటే రకాల వారీగా పేర్చి పంపమన్నారు. అక్క పేరు మీదే అచ్చు వేయిస్తామన్నారు. ఆమె సంచిలో ఒకే ఒక ఫ్లాపీ దొరికింది. దానికీ బూజు పట్టింది.

అది పట్టపగలు. కింద రోడ్డు మీద వడ్ల లారీలు పోతున్నాయి. మిషన్‌లో ఫైళ్లు పెట్టుకోవడానికి కొత్త డైరెక్టరీ చేసుకుని ఫ్లాపీ పెట్టాను. గరగరలాడి ఒకే ఒక్క ఫైలు వచ్చింది. మళ్లీ పెడితే మిషన్ ఆ ఫ్లాపీని చదవలేదు. తెర మీద వరుసలన్నీ చూశాను. జ్వరానికి ముందు నిడమనూరులో తీసిన లెక్కలు చివర ఉన్నాయి. కళ్లు తుడుచుకుని సార్ట్ కొట్టాను. పేర్చినది అదే ఫైలులోకి వెళ్లేలా, అదే పేరు ఇచ్చాను.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు ఇది. మిషన్ ముందు ఆ పేరున్న ఫైలును ఖాళీ చేస్తుంది. పేర్చడం ఆ తర్వాత. అప్పటికి పేర్చడానికి ఏమీ ఉండదు.

ఫైలు సైజు సున్నా అని చూపించింది. అక్క తిరిగిన పొలాలన్నీ పోయాయి. అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. తెర మీదకు మళ్లీ ఫైళ్ల పేర్లు తెచ్చాను.

ఖాళీ అయిన ఫైలు కింద ఇంకో ఫైలు ఉంది. పేరు విత్తనం.

తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి, నిడమనూరు వరుసలతో సహా. ఆ ఫైలు తయారైన సమయం ఆ మధ్యాహ్నమే. నేను కొట్టిన ఆదేశాలన్నీ వెనక్కి తెప్పించుకుని చూశాను. తేవడం, చూడటం, పేర్చడం ఉన్నాయి. నకలు తీసిన ఆదేశం లేదు.

ముందు గదిలో ఉన్న రమణారావు గారిని పిలిచాను.

"సార్, మీరేమన్నా కొట్టిన్రా దీంట్ల?"

"నేనా? దాన్ని చూస్తేనే నాకు చెమటలు పడతాయయ్యా! భోంచేసి ఇప్పుడేగా వచ్చింది. ఏంటలా ఉన్నావు, ముందు నీళ్లు తాగు."

లెక్కలు పేర్చి పంపాను. మేడమ్ మాట నిలబెట్టుకున్నారు. అచ్చయిన కాగితం అమ్మకు ఇస్తే, అక్క పేరు ఎక్కడుందో చూపించమని అడిగింది.

కంప్యూటర్లు తెలిసిన స్నేహితులకు తర్వాత చెప్పాను. నువ్వే నకలు తీసి మరిచిపోయి ఉంటావు, ఏడుస్తూ కూర్చున్నవాడికి ఏం గుర్తుంటుంది అన్నారు. కావచ్చు. వాళ్లతో నేను వాదించలేదు.

కానీ ఒకటి వాళ్లకు చెప్పలేదు. తెర మీద ఆ పేరు కనిపించగానే నేను భయపడలేదు, ఆలోచించలేదు. కుర్చీని కొంచెం పక్కకు జరుపుకున్నాను, ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలి.