పడమటి కిటికీ లెక్క

తొంభైల మొదట్లో నేను ఖరగ్‌పూర్‌లో ఒక చిన్న బిల్డింగ్ డిజైన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. పుట్టి పెరిగింది అక్కడే, ట్రాఫిక్ అనే పేటలోని రైల్వే క్వార్టర్లో. అమ్మా నాన్నా పోయాక క్వార్టర్ అప్పజెప్పి, తాల్‌బగీచాలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆఫీసులో అందరూ బెంగాలీలే, మంచివాళ్లే. అయినా ఆదివారం చర్చికి వెళ్తే తప్ప నా నోట తెలుగు మాట పలికేది కాదు.

ఆ రోజుల్లో గోల్‌బజార్‌లో ఒక తెలుగాయన తన బట్టల కొట్టును మేడతో సహా ఏసీ షోరూంగా మార్పించే పని మాకు ఇచ్చాడు. ఆయనకు సరుకిచ్చే కలకత్తా కంపెనీ ఒక షరతు పెట్టింది. ఏసీలకూ లైట్లకూ అయ్యే కరెంటు తాము చెప్పిన హద్దు దాటదని ప్లానుతోపాటు రిపోర్టు ఇవ్వాలి. ఏ గోడ మీద ఎంత ఎండ పడుతుందో, ఏ గాజులోంచి ఎంత వేడి వస్తుందో లెక్కగట్టే ఆ రిపోర్టు నా వంతుకు వచ్చింది.

లెక్క హద్దు దాటింది. మేడ మీద పడమటి వైపున్న పెద్ద కిటికీ మూసేస్తే సరిపోతుంది. యజమానికి ఆ మాట చెప్పి, అలా రాసేముందు కొలతలు మరోసారి చూద్దామని వెళ్లాను.

కిటికీ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని, కింద చేపలమ్మే దీదీతో బెంగాలీలో కబుర్లాడుతోంది. ఆవిడ యజమానికి మేనత్త. చిన్న వయసులోనే భర్త పోతే శ్రీకాకుళం వైపు నుంచి అన్నగారి వెంట వచ్చి, ఆ కిటికీ ఉన్న గదిలోనే ఉండిపోయిందట.

నా చేతిలో టేపు చూసి, "ఏటమ్మా, కిటికీ మూసెత్తారట గదా?" అంది.

ఆ మాట మా అమ్మ మాటలా వినిపించింది. "ఇంకా ఏటీ రాయనేదు మామ్మా," అన్నాను.

"రాసినప్పుడు నన్నోపాలి తలుసుకో. అది మూసెత్తే నాకింకేటుంది?"

మళ్లీ లెక్కలు మొదలుపెట్టాను. ముందువైపు గాజు తగ్గిద్దామంటే యజమాని ఒప్పుకోలేదు. "షోరూమంటేనే గాజు గదమ్మా," అన్నాడు. చివరికి తోచింది, ఆవిడ గదికి ఏసీ ఎందుకని. గదికీ షోరూంకీ మధ్య ఒక గోడ, గాలి చొరబడని తలుపు గీశాను. గది ఏసీ లెక్కలోంచి తప్పుకుంది, కిటికీ మిగిలింది, రిపోర్టు పాసయింది. ఆ సాయంత్రం మిఠాయి కొనుక్కుని నా గదికెళ్లి ఒక్కదాన్నే తిన్నాను.

షోరూం తెరిచాక ఆవిణ్ణి చూడబోయాను. కిటికీ తీసే ఉంది.

"బాగుందా మామ్మా?"

"కిటికీకేటి, బాగుంది. ఇదివరకు కొట్టోలందరూ ఇటే తిరిగీవోరు. ఒకడు టీ తెచ్చీవోడు, ఒకడు ఊరికే పలకరించీవోడు. ఇప్పుడు సల్లదనం పోద్దని తలుపు తియ్యరు. కూడు కూడా ఎనక మెట్ల మీంచే వత్తాది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నేను గీసిన ఆ తలుపు వైపు చూశాను. ఆవిడ పక్కనున్న పీట ముందుకు జరిపి, "కూకో," అంది.

అప్పటినుంచి ఆఫీసు అయ్యాక తరచూ ఆ వెనక మెట్లెక్కేదాన్ని. కొన్ని రోజులు కబుర్లతో గడిచేవి, కొన్ని రోజులు ఇద్దరం ఊరికే కిందికి చూస్తూ కూర్చునేవాళ్లం. బజారులో దీపాలు వెలగగానే, "ఇంక ఎళ్లమ్మా, ఇంటికాడ నీకోసం సూత్తుంటారు," అనేది. ఎవరూ లేరని మొదటిరోజే చెప్పాను. మరిచిపోయేదో, ఆ మాట అనడమే ఇష్టమో.

"ఔను మామ్మా, ఎళ్లొత్తాను," అని లేచేదాన్ని.