చెల్లెలిని ప్రతివాదిగా చేర్చిన దావా

1981. వరంగల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న నా దగ్గరికి వర్ధన్నపేట అవతలి ఊరి నుంచి కొమురయ్య అనే రైతు వచ్చాడు. తల్లీ తండ్రీ పోయారు, భూమి ఇంకా పంచుకోలేదు. అన్న సాయిలు బావితో సహా అంతా అమ్మేయబోతున్నాడు. అది పోతే కొమురయ్యకు కూలే గతి. వాటాదారులు మీరెంతమంది అని అడిగితే ‘మేమిద్దరమే సారూ’ అన్నాడు. అన్నను ప్రతివాదిగా చూపి పంపకాల దావా వేశాను. తీర్పు వచ్చేదాకా భూమి అమ్మకుండా ఇంజంక్షన్, అంటే నిలుపుదల ఉత్తర్వు కూడా తెచ్చాను.

సాయిలు తరఫు వకీలు దాఖలు చేసిన జవాబు చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకు నర్సమ్మ అనే చెల్లెలుంది, మరిపెడలో అత్తవారిల్లు, తండ్రి ఆస్తిలో ఆమెకూ హక్కుంది, ఆమెను చేర్చని దావా కొట్టేయాలి అని అందులో ఉంది. వాదన సరైనదే. ఎవరు లేకుండా తీర్పు చెప్పడం కుదరదో వాళ్ళను మేము నెసెసరీ పార్టీ అంటాం. పంపకాల్లో వాటాదారులందరూ నెసెసరీ పార్టీలే. దావా పోతే దానితోపాటే ఇంజంక్షనూ పోతుంది, ఆ వెంటనే భూమి చేతులు మారుతుంది.

అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. కొమురయ్యను పిలిపించి బాగానే కేకలేశాను. తల వంచుకుని విన్నాడు. అబద్ధం చెప్పాలని కాదట. పెళ్ళిచేసి పంపిన పిల్లను వాళ్ళ ఊళ్ళో వాటాల లెక్కలో ఎవరూ చెప్పరట. సరే, ఇంప్లీడ్ పిటిషన్ వేసి నడుస్తున్న దావాలోకే ఆమెను చేర్చుకుందాం, గండం గడుస్తుంది అన్నాను. ససేమిరా అన్నాడు.

“ఆడపిల్ల మీద దావా ఏస్తరా సారూ? కోర్టు కాగితం పోయిందంటే అది మళ్ళ నా గడప తొక్కది. భూమి పోతే పోనియ్యి.”

ఆ మాటతో నా కోపం చల్లారింది. ప్రతివాది అంటే శత్రువు కాదయ్యా, మనతో కలిసి దావా వేయని వాటాదారును కూడా ఆ వరసలోనే చూపించాలి, ఆమె నుంచి మనం లాక్కునేదేమీ లేదు అని నచ్చజెప్పాను. నమ్మితేనా! చివరికి ఒక ఉపాయం చెప్పాను.

“సమన్లు పోకముందే చీర, పసుపుకుంకుమ తీసుకుని నువ్వే పోయి చెప్పు.”

దానికి ఒప్పుకున్నాడు. కోర్టు నర్సమ్మను చేర్చుకోవడానికి అనుమతిచ్చింది. అయినా వాయిదా రోజు నాకు ఒకటే బెంగ. ఆమె వచ్చి పెద్దన్న వైపు నిలబడితే ఏం చేయాలి?

కోర్టు వరండాలోకి నర్సమ్మ కొత్తచీర కట్టుకుని వచ్చింది. వెనకాల కొమురయ్య. సాయిలు అప్పటికే అక్కడున్నాడు. నీ పేరు దావాలో రాసినందుకు బాధపడ్డావా అమ్మా అని అడిగాను.

“రాసినందుకు కాదు సారూ, ఇన్నొద్దులు రాయనందుకే మనసు నొచ్చింది. మా నాయినకు ఈళ్ళిద్దరేనా పుట్టింది?”

ఇద్దరన్నలూ విన్నారు. చెల్లెలు కూడా అమ్మడానికి ఒప్పుకోనని తేల్చి చెప్పడంతో సాయిలు దిగివచ్చాడు. రాజీ డిక్రీ అయింది. కొమురయ్యకు తన వంతు భూమి దక్కింది, బావి నీళ్ళు ముగ్గురికీ అన్నారు. నర్సమ్మ తన వాటా మొహమాటం లేకుండా తీసుకుంది. హమ్మయ్య అనుకుంటూ ఆ పూట కడుపునిండా తిన్నాను.

అప్పటినుంచి పంపకాల దావాకు ఎవరొచ్చినా ‘మీరెంతమంది’ అని అడగను. ‘మీ నాయినకు పిల్లలెంతమంది’ అని అడుగుతాను. లెక్క తరచుగా ఒకటో రెండో పెరుగుతుంది.